గేటు దాకా

విమానం తలుపు దగ్గర చక్రాల కుర్చీకి బ్రేకు వేసి, శిరోమణి గోడ పక్కకు ఒదిగి నిలబడింది. నడవగలిగినవాళ్లంతా దిగాక గానీ కుర్చీవాళ్లు రారు. తలుపు సందులోంచి ఆక్లండ్ పొద్దుటి చలిగాలి మడమలకు కొడుతోంది. యాభైకి దగ్గరపడిన మనిషి. పొట్టిగా ఉంటుంది, భుజాలు వెడల్పు. కుర్చీలు తోసి తోసి అరచేతులు కాయలు కాశాయి, కుడి మణికట్టుకు ఎప్పుడూ పట్టీ ఉంటుంది. మెళ్లో వేలాడే కార్డులో ఆమె ఫొటో నవ్వుతోంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తీసింది అది.

చివరగా గుంటూరు పెద్దాయన ఒకరు వచ్చారు. కూర్చోబెట్టి, కాళ్లు పలకల మీద సర్ది, అందరికీ చెప్పేదే ఆయనకూ చెప్పింది.

"ముందు పాస్‌పోర్టు చూస్తారు అంకుల్, తర్వాత పెట్టెలు. తినేవి ఏమున్నా ముందే చెప్పెయ్యండి. చెప్తే ఏమీ అనరు. దాస్తేనే ఫైను."

"జంతికలున్నాయమ్మా."

"చెప్పెయ్యండి."

అక్కడి మూలవాసులు మావోరీల చెక్కడాలున్న పెద్ద ద్వారం కిందుగా, రికార్డు చేసిన పక్షుల కూతల మధ్య నుంచి తోసుకెళ్లింది. కొత్తగా వచ్చినవాళ్లు అక్కడ ఆగి ఫొటోలు తీసుకుంటారు. ఆమెకు ఆ కూతలు వినపడటం ఎప్పుడో మానేశాయి. బయట పెద్దాయనను మనవరాలికి అప్పగించి వెనుదిరిగేలోగా ఎవరో వెల్లింగ్టన్ విమానం ఎక్కడని అడిగారు. "కింద పచ్చగీత ఉంటుంది, దాన్ని పట్టుకుని నడవండి. వానొస్తే బస్సెక్కండి, టికెట్టు అక్కర్లేదు" అంది. ఆ మాటలు అనడానికి ఆమె ఆలోచించాల్సిన పనిలేదు.

ఆ తెల్లవారుజామున, ఊరి చివర టకానినిలోని ఇంట్లో ఆమె డ్యూటీకి బయల్దేరేటప్పటికి భర్త ఏసురాజు పెట్టె సర్దుకుంటున్నాడు.

"ట్యాక్సీ చెప్పుకుంటాలే," అన్నాడు.

"సరే," అంది.

వాళ్ల మధ్య పెద్ద గొడవంటూ ఏదీ జరగలేదు. కొన్నేళ్లుగా ఆ ఇంట్లో మాటలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చి, కరెంటు బిల్లు దగ్గర, పాల దగ్గర, కూతురు లవ్లీ స్కూలు దగ్గర ఆగాయి. మొన్నామధ్య అన్నం తింటూ, "నేను బ్రిస్బేన్ పోతున్నా. మళ్లీ రాను, శిరోమణీ," అన్నాడు. ఆమె అతని కంచం వైపు చూసి, మజ్జిగ పొయ్యనా అని అడిగింది. చర్చి సంఘంలో వాళ్లకూ లవ్లీకీ ఉద్యోగమని చెప్పారు.

మధ్యాహ్నం ఆమెకు రాజేశ్వరమ్మను అప్పగించారు. బోటనీ డౌన్స్‌లో కూతురి దగ్గర ఉండి, హైదరాబాద్ తిరిగి వెళ్తున్న పెద్దావిడ. తనిఖీ దగ్గరకు తోసుకొచ్చేసరికి పక్క వరుసలో ఏసురాజు ఉన్నాడు. నీలం చొక్కా, కొత్తగా క్షవరం చేయించుకున్న మెడ.

"డ్యూటీ ఇక్కడేనా?" అన్నాడు.

"ఆఁ."

"ఫ్లైటు టైముకే ఉందంట."

"మంచిది. లోపలికెళ్లాక దుకాణాలు దాటి ఎడమవైపు తిరగండి. మీ గేటు అటే."

అతను తల ఊపాడు. అంతలో తనిఖీ అమ్మాయి అతని చేతిసంచి పక్కకు లాగి, లోపల్నుంచి నూనె సీసా తీసింది. పోయిన ఆదివారం పాస్టరుగారు ప్రార్థన చేసి ఇచ్చిన నూనె. అతనికి చెప్పకుండా శిరోమణే పెద్దపెట్టెలో చొక్కాల మధ్య పెట్టింది. కౌంటరు దగ్గర బరువు ఎక్కువైందని కొన్ని బట్టలు చేతిసంచిలోకి మార్చినట్టున్నాడు, వాటితో పాటు అదీ వచ్చేసింది.

"ఇంత సీసా లోపలికి పోదు సార్. పారేయమంటారా? బయట ఎవరికైనా ఇచ్చి వస్తారా?"

ఏసురాజు సీసాను చూశాడు. శిరోమణిని చూశాడు. ఆమె చెయ్యి కుర్చీ పిడి మీదే ఉంది.

"పారేయండి," అన్నాడు.

సంచి జిప్పు లాక్కుని, భుజానికి తగిలించుకుని వెళ్లాడు. సెంటు సీసాల దుకాణాల దీపాల మధ్య నీలం చొక్కా కాసేపు కనపడింది. తర్వాత ఎడమవైపు తిరిగింది.

"తెలిసినాయనా అమ్మా?" అడిగింది రాజేశ్వరమ్మ.

"మా ఆయనండీ."

"అలాగా! ఎక్కడికి?"

"బ్రిస్బేన్. ఉద్యోగం."

"మళ్లీ ఎప్పుడొస్తాడు?"

శిరోమణి వంగి బ్రేకు తీసింది.

"కాళ్లు పలక మీద పెట్టుకోండి ఆంటీ, నేలకి తగుల్తాయి."

కుర్చీ కదిలింది. వెనక స్టీలు బల్ల మీద, ఎవరెవరివో సగం తాగిన నీళ్ల సీసాల పక్కన, నూనె సీసా నిలబడి ఉంది. కారిపోకుండా దాని మూత చుట్టూ ఆమె గట్టిగా అంటించిన తెల్ల ప్లాస్టరు ఒక కొస లేచి, పైనుంచి వచ్చే ఏసీ గాలికి మెల్లగా ఆడుతోంది.