గదికో అడుగు పెంచిన టేపు

నేను ఒక టేపుని. డబ్బా మీద వంద అడుగులని రాసుంది గానీ నమ్మకండి, ఇప్పుడు నాకున్నవి తొంభైతొమ్మిదే. ఫ్యాక్టరీలో పసుపు రంగు పూసి, నల్ల గీతలు కొట్టి పంపితే, కాకినాడలో ఒక హార్డ్‌వేర్ షాపు కొక్కేనికి ఆర్నెల్లు వేలాడాను. అక్కణ్ణుంచి నన్ను తీసుకెళ్ళింది లక్ష్మణమూర్తి గారు. ఆయన ఇళ్ళకి విలువ కట్టే వాల్యుయర్. ఎవరైనా బ్యాంకులో ఇంటి లోను అడిగితే, ఆ ఇల్లు నిజంగా ఉందా, ఎంతుంది, ఎంత చేస్తుంది అని చూసి రాసిచ్చేది ఆయనే.

పదకొండేళ్ళు ఆయన స్కూటర్ డిక్కీలో తిరిగాను, ఎన్ని ఇళ్ళు చూశానో లెక్కే లేదు. వాల్యుయర్ వస్తున్నాడని తెలిస్తే చాలు, గోడ బీట మీదకి ఒక క్యాలెండర్ వచ్చేస్తుంది. పాతికేళ్ళ ఇల్లు పన్నెండేళ్ళది అయిపోతుంది. మా సారు క్యాలెండర్ పైకెత్తి బీట చూసుకుని, పాత నెల కాగితం చింపి, మళ్ళీ బుద్ధిగా వదిలేస్తారు.

నా మొదటి అడుగు పోయింది రామారావుపేటలో. నన్ను గేటు దగ్గర పట్టుకున్న ఇంటాయన, కుక్క బయటికి పోతుందని గబుక్కున గేటు వేసేశాడు. అంతే, తెగింది. మా సారు కొత్త టేపు కొంటారనుకున్నాను. కొనలేదు. "ఒకటి తీసేస్తే సరిపోయె" అన్నారు. అప్పట్నుంచి నా మీద పది కనిపిస్తే ఆయన తొమ్మిది రాసుకుంటారు. రెండేళ్ళు అలాగే నడిచింది, ఆయన తీసేస్తున్నారని నేనూ, నేను కొలుస్తున్నానని ఆయనా ధీమాగా ఉన్నాం.

ఆ ధీమాతోనే జగన్నాథపురంలో ధనరాజు, శేషుకుమారి అనే అన్నాచెల్లెళ్ళ ఇంటికి వెళ్ళాం. వాళ్ళ నాన్న ఇంటిని ఇద్దరూ సమానంగా పంచుకుంటున్నారు, కొలతలకి మా సారుని పిలిచారు. ముందున్న పెద్ద హాలు అన్నకి, ఫోన్ల షాపు పెట్టుకుంటాడట. వెనక అయిదు గదులు చెల్లెలికి, ఆవిడ బట్టలు కుడుతుంది. ఎవరికైనా ఎక్కువొస్తే మధ్య గోడ జరపాలి. సోమవారం సంతకాలు, ఆ తర్వాత మార్చడానికి వీల్లేదు.

హాలు మా సారే స్వయంగా కొలిచి, ఒకటి తీసేసి, ఇరవైరెండు బై పాతిక రాసుకున్నారు. ఈలోగా పెసరట్లు వచ్చాయి. గదులన్నీ మంచాలూ బీరువాలూ, మా సారుది కాస్త భారీ శరీరం. "ఒక్కటి చూస్తే అన్నీ చూసినట్టే. మీరే కొలిచి చెప్పండి, రాసుకుంటా" అన్నారు. ధనరాజు పనమ్మాయి చేత నా చివర పట్టించి, నా మీద ఉన్నది ఉన్నట్టు చదివాడు. అయిదూ ఒకే అచ్చు, పది బై పదకొండు. పెసరట్టు నోట్లో ఉందేమో, మా సారు తీసెయ్యాల్సింది తీసెయ్యలేదు.

లెక్క వేస్తే అటు అయిదువందల యాభై, ఇటు అయిదువందల యాభై. పదకొండేళ్ళలో అంత ముచ్చటైన లెక్క ఆయన చూడలేదు. ఎక్కువా తక్కువా వచ్చి ఉంటే ఇంకోసారి చూసేవారే, సమానంగా వచ్చేసరికి మురిసిపోయారు.

మర్నాడు రిపోర్టు చదివి వినిపించారు. శేషుకుమారి వింటూ వింటూ సూది ఆపింది.

"నా గదులు పది బై పదకొండాండీ?"

"ఔనమ్మా."

"మధ్య గదికి రబ్బరు షీటు నేనే కోసి పరిచానండి. తొమ్మిది బై పది. గోడ దాకా సరిపోయింది."

"జాకెట్ల టేపుతో ఇల్లు కొలిస్తే అలాగే ఉంటుందే" అన్నాడు ధనరాజు.

"జాకెట్టు అంగుళం తేడా వస్తే మొహాన కొడతారు అన్నయ్యా. నీ ఇల్లు అడుగు తేడా వచ్చినా సంతకం పెట్టేస్తారు."

ఆవిడ నన్ను చేతిలోకి తీసుకుని చివర వేలితో తడిమింది. టేపు పట్టగానే ముందు చివర చూడటం దర్జీవాళ్ళ అలవాటట. పదకొండేళ్ళలో నన్ను అలా చూసిన మనిషి ఆవిడొక్కతే.

"ఇదేంటండీ, ఒకటి నుంచి మొదలైంది?"

మా సారు గోడ మీద క్యాలెండర్ కేసి చూశారు. దాని వెనకేమీ లేదు. "గదులకి ఒకటి తీసెయ్యడం మర్చిపోయానమ్మా" అని చివరికి ఒప్పుకున్నారు.

"ఇదివరకు ఇళ్ళక్కూడా ఇలాగేనా?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు, చాలాసేపు.

మళ్ళీ లెక్క వేస్తే హాలు అయిదువందల యాభై, గదులు నాలుగువందల యాభై. గోడ హాల్లోకి రెండడుగులు జరగాలి. ఆ రెండడుగుల్లో పక్క సందు వైపు కిటికీ కూడా ఉంది.

మా సారు కొత్తగా లేజర్ మీటరు కొన్నారు. ఆ ఎర్ర చుక్క ఏం చెప్తే అదే రాసుకుంటున్నారట, ధీమాగా. నన్ను శేషుకుమారి అడిగి తీసుకుంది. మేస్త్రీ నాతోనే కొలిచి, హాల్లో కొత్త గోడ రావాల్సిన చోట గీత కొట్టాడు. ధనరాజు వంగి చూసి, "రెండన్నారుగా, మూడు దగ్గర గీశావేం?" అన్నాడు.

శేషుకుమారి నా తెగిన చివర మీద వేలు పెట్టింది. "ఇక్కణ్ణుంచి లెక్కపెట్టు అన్నయ్యా."

లెక్కపెట్టాడు. ఒక్కసారి కాదు, మూడుసార్లు. రెండే వచ్చింది.

ఇప్పుడు నేను ఆ కిటికీ పక్కన మేకుకి వేలాడుతున్నాను. కింద కుట్టుమిషను. ధనరాజు ఎప్పుడైనా కాఫీకి వస్తే, కబుర్లాడుతూనే కిటికీ ఉన్న గోడ పొడవునా పాదానికి పాదం ఆనించి కొలుచుకుంటూ నడుస్తాడు.