ఇది కాక ఇంకేమైనా ఉందా?

ఓడ టికెట్ల కాగితం మీద "అన్నీ కలిపి" అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ రెండు మాటల్ని నమ్మి నేనూ మా అక్కా ఏడాదిపాటు నోరు కట్టుకుని డబ్బు కూడబెట్టాం. మాది దర్జీ పని. మేడమీద గదిలో రెండు మిషన్లు, ఒక బల్ల, ఒక ఇస్త్రీ పెట్టె. కత్తెర నాది, గుండీలూ కాజాలూ అక్కవి. మా కింద గదిలోనే టికెట్లాయన ఆఫీసు. ఏటేటా ఆయన ప్యాంట్ల నడుము వదులు చేసేది మేమే కాబట్టి మాకు టోపీ పెట్టడనుకున్నాను.

ఒడ్డు కనిపించనంత దూరం వెళ్ళి నీళ్ళ మధ్య నిలబడాలని అక్క కోరిక. ఎందుకే అంటే "చూడాలనుంది, అంతే" అనేది. పుట్టి బుద్ధెరిగాక ఏదీ అడగని మనిషి నోరు తెరిచి అడిగింది కదా అని నేను ఎగిరి గంతేశాను.

ప్రయాణం దగ్గర పడిందనగా టికెట్లాయన మమ్మల్ని కిందికి పిలిచి కూర్చోబెట్టాడు.

"కొన్ని చిన్న చిన్న విషయాలున్నాయండి. తాగే నీళ్ళ సీసాలు వేరు."

"సముద్రం మధ్యలో నీళ్ళు కొనుక్కోవాలా?"

"గది ఊడ్చేవాళ్ళకీ, వడ్డించేవాళ్ళకీ రోజూ సర్వీసు చార్జీ వేస్తారు. మనిషికింత అని."

"వాళ్ళకి జీతాలివ్వరా?"

"ఇస్తారు, ఇది వేరు. ఫోన్లో నెట్ వేరు. రేవులో ఓడ ఆగితే ఊళ్ళోకి తీసుకెళ్ళే బస్సు వేరు."

"మరి అన్నీ కలిపి అంటే ఏం కలిపారండీ? ఓడనీ నీళ్ళనీనా?"

అక్క పకపకా నవ్వింది. "మనం మాత్రం తక్కువా? కుట్టుకూలి ఒకటి చెప్పి, లైనింగు వేరు, జిప్పు వేరు అనమూ?"

"మనం ముందే చెప్తాం!" అని కసిరాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. టికెట్లాయన కళ్ళలోకి సూటిగా చూసి అడిగాను. "ఇది కాక ఇంకేమైనా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పండి. దాచకండి."

"ఒక్కటే. ప్రయాణ బీమా. అది లేకపోతే ఓడ ఎక్కనివ్వరు."

నా మొహం చూసి జాలి పడ్డాడో, భయపడ్డాడో, చవకవి కూడా ఉంటాయంటూ కంప్యూటర్ తెర మా వైపు తిప్పాడు. వెతికి వెతికి ఒకటి పట్టాడు. నిజంగానే చవక. రెండు ప్యాంట్లు కుట్టిన కూలి కూడా కాదు. హమ్మయ్య అనుకున్నాను.

"కొన్ని ప్రశ్నలున్నాయి. మీ ఇద్దరిలో ఎవరికైనా ముందు నుంచీ ఉన్న జబ్బులు? రోజూ వేసుకునే మందులు?"

"నాకేం లేవు. మా అక్కంటారా, గుండ్రాయి!" అని అక్క భుజం చరిచాను. "తలనొప్పి ఎలా ఉంటుందో కూడా తెలీదు తనకి. అన్నిటికీ లేదని కొట్టెయ్యండి."

"చూసి చెప్పండమ్మా. ఇక్కడ లేదని చెప్పి అక్కడ ఏమైనా అయితే బీమావాళ్ళు పైసా ఇవ్వరు. ఓడలో డాక్టరు చెయ్యి పట్టుకుని చూసినా బిల్లే. హెలికాప్టర్లో ఒడ్డుకు చేర్చాల్సి వస్తే ఇక చెప్పక్కర్లేదు, తోడు వెళ్ళినవాళ్ళు ఉన్నదంతా అమ్ముకోవాలి."

"మా మిషన్లు కూడానా?" అని నవ్వాను.

"మిషన్లు ఏ మూలకండీ?"

అక్క నవ్వలేదు. ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "ఇస్త్రీ పెట్టె ఆపావా?" అంది.

"ఆపాననుకుంటా."

"అనుకోవడమేంటే? కొంప అంటుకుంటుంది. వెళ్ళి చూసి రా!"

పరుగున మెట్లెక్కాను. ఇస్త్రీ పెట్టె చల్లగా ఉంది. ఆ రోజు అసలు పెట్టనేలేదని అప్పుడు గుర్తొచ్చింది. బల్ల మీద అక్క గుండీల డబ్బా మూత తీసి ఉంది. ఈమధ్య మెట్లెక్కి వచ్చిన ప్రతిసారీ ఆ డబ్బా ముందేసుకుని కాసేపు గుండీలు ఏరుతూ కూర్చుంటోంది. ఏరినవే మళ్ళీ ఏరుతున్నావేంటే అని వేళాకోళం కూడా చేశాను.

కిందికి దిగేసరికి తెర మీద అంకె మారిపోయింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. చివర ఒక సున్నా చేరింది.

"ఇదేం దోపిడీ అండీ! నేను పైకెళ్ళి వచ్చేలోపు ఇంత పెరిగిపోతుందా? మనుషుల్ని చూసి రేట్లు చెప్తారా?"

టికెట్లాయన అక్క వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"ఆయన్ననకు," అంది అక్క. "నేనే చెప్పాను. గుండెలో వాల్వు పాడైందట. ఆపరేషన్ చెయ్యాలన్నారు."

"ఎవరికి?" అన్నాను. నిజంగానే నాకు అర్థం కాలేదు.

"నాకే."

మిషన్ పక్కన మిషన్ వేసుకుని బతుకుతున్నాం. ఒకే గదిలో పడుకుంటాం. నాకు ఎలా తెలియలేదు? గుండీల డబ్బా గుర్తొచ్చింది. ఆయాసం తీరేదాకా కూర్చునేదన్నమాట. నేను నవ్వాను దానికి. కోపమూ ఏడుపూ కలిసే వచ్చాయి.

"ఎప్పటి నుంచే?"

"ఓడ మాట ఎత్తకముందు నుంచీ."

"అంటే ఏడాది!"

"కత్తి పెట్టాక ఎలా ఉంటుందో ఏమో. ముందే ఒకసారి చూసొద్దామని. చెప్తే నువ్వు తీసుకెళ్ళవుగా."

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

"నీ మిషన్లు పోతాయని," అంది అక్క.

నోటికి అలవాటైన మాటే అన్నాను. "ఇది కాక ఇంకేమైనా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పు. దాచకు."

అక్క బల్ల అంచు తడిమింది. "ప్రయాణాలు చెయ్యొద్దన్నారు. ఆపరేషన్ ఇక ఆలస్యం చేస్తే..." అని ఆగిపోయింది.

టికెట్లాయన గొంతు సవరించుకున్నాడు. "డాక్టరు వద్దన్నాక ఎంత కట్టినా ఏ బీమా పనికిరాదమ్మా. టికెట్లు రద్దు చేసుకోవడమే. కానీ ఇంత దగ్గరికొచ్చాక రద్దు చేస్తే..." నా నోటి సంగతి తెలిసినవాడు కదా, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. "పైసా కూడా తిరిగి రాదు."

నేను అరుస్తానని ఆయన ఎదురుచూశాడు. అక్క కూడా చూసింది.

"రద్దు చేసెయ్యండి," అన్నాను.

అక్క చెయ్యి పట్టుకుని లేపాను. ఆ చెయ్యి చల్లగా ఉంది. గుమ్మం దాటుతుంటే, "ఆస్పత్రికా? అన్నీ కలిపి ఎంతవుతుందో ముందు అడగవే," అంది.

"అడగను," అన్నాను.