నలభైలో ఒక గడప

నేను ఒక గడపను గనక లోపలా నాదే, బయటా నాదే అని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. నా కింది నేల ఇంకొకరిదని తెలిశాక ఆ గర్వం ఎక్కడ నిలబడాలి? వానాకాలం ఈ ఆలోచన మరీ ఎక్కువ. చెక్క తడిసి కాస్త ఉబ్బుతుంది, దానితో పాటు మనసూ.

విశాఖ పాతనగరంలో మా అపార్ట్‌మెంటు ఒక సత్రం ట్రస్టు స్థలంలో ఉంది. గోడలు కొనుక్కున్నవాళ్లవి. నేల ట్రస్టుది, లీజుకిచ్చింది. గడువు తీరితే పొడిగించుకోవాలి, లేదా ఖాళీ చెయ్యాలి. గడువు మీద నిలబడ్డ ఇంటికి గడపను నేను.

అంతకుముందు ఉప్పు గోదాములో దూలాన్ని. గోదాము కూల్చినప్పుడు ఈ ఫ్లాటు మొదటి యజమాని అప్పలనర్సయ్య నన్ను ఏరి తెచ్చి కోయించాడు. తక్కిన ఫ్లాట్లకు బిల్డరు మూడు వైపులే చెక్క పెట్టి, కింద గ్రానైటు పట్టీతో సరిపెట్టాడు. "గడప లేని గుమ్మం పళ్లు లేని నోరురా" అని అప్పలనర్సయ్య వడ్రంగితో దెబ్బలాడి నన్ను బిగించాడు. ఆయన భార్య శుక్రవారం శుక్రవారం నాకు పసుపు రాసి బొట్లు పెట్టేది. కప్పు మోస్తున్నప్పుడు నన్నెవరూ తలెత్తి చూడలేదు. కాళ్ల దగ్గరకు దిగాక వంగి మరీ అలంకరించారు. మనుషుల మర్యాద ఏ ఎత్తులో ఉంటుందో నాకిప్పటికీ అంతుపట్టదు.

తరవాత వాళ్లు మిగిలిన లీజుతో సహా ఫ్లాటును వైదేహికి అమ్మి వెళ్లిపోయారు. వైదేహి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. నన్ను రోజూ తడిగుడ్డతో తుడుస్తుంది గాని, పసుపు మాత్రం ముట్టించలేదు. బయటి నుంచి వచ్చిన ప్రతిసారీ నా ముందు ఒక్క క్షణం ఆగుతుంది, లోపల ఎవరినో అనుమతి అడుగుతున్నట్టు. లోపల ఎవరూ ఉండరు. సొంత ఇంటికి చుట్టంలా రావడం ఆమె ఎక్కడ నేర్చుకుందో మరి. ఇది కొనకముందు తలదాచుకున్న అన్నల ఇళ్లలో అయి ఉంటుంది.

ఈ వేసవితో గడువు తీరుతుందనగా ట్రస్టు నుంచి కబురు వచ్చింది. కాపురం ఉంటున్నవాళ్లకే పొడిగింపు. మేనేజరు ఇల్లిల్లూ తిరిగి చూస్తాడు. ఆయన వచ్చే రోజు ఉదయమే పక్క ఫ్లాటు నూకరత్నం పసుపు గిన్నెతో వచ్చింది.

"అక్కా, గడపకి కాస్త రాసెయ్యే. వచ్చినోళ్లకి కాపురం ఉన్న ఇల్లులాగుంటాది."

"వాళ్ల కోసం రాస్తే అది పసుపు కాదే రత్నం, మేకప్పు."

"ఇల్లు పోతే ఎక్కడికెళ్తావే?"

వైదేహి తడిగుడ్డ తెచ్చి ఎప్పటిలాగే నన్ను తుడవసాగింది. రత్నం గిన్నె పట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది. నాకు కోపం వచ్చింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన పసుపు బెత్తెడు దూరం దాకా వచ్చి తిరిగిపోయింది మరి.

మేనేజరు లక్ష్మణస్వామి వచ్చాడు గాని నన్ను దాటలేదు. చెప్పులతో బయటే నిలబడి లోపలికి తొంగి చూశాడు.

"రూలు కాపురం ఉన్నోళ్లకే అంటాది అమ్మా. తమరేమో ఒక్కరే."

"ఒక్కదాన్నే. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను."

"అది ఉండడమమ్మా. కాపురం వేరు."

ఆమె కుడికాలి బొటనవేలు నా అంచుకు ఆని ఉంది. అది నన్నెంత గట్టిగా నొక్కుతోందో నాకొక్కదానికే తెలుసు. అన్నల ఇళ్లలో అయితే ఈ మాటకు ఆమె పక్కకు తప్పుకునేదే. ఇక్కడ తప్పుకోవడానికి చోటు లేదు, అడ్డంగా నేనున్నాను. తల దించి నా వంక చూసింది.

"మీ స్థలంలో ఇళ్లెన్ని బాబూ?"

"మొత్తం నలభై గడపలు."

"నాది అందులో ఉందా?"

"లేకపోడమేటమ్మా?"

"మరి గడపలే లెక్కెట్టారుగా. జంటల్ని లెక్కెట్టలేదు కదా."

లక్ష్మణస్వామి నెమ్మదిగా నవ్వాడు. "మా అమ్మ కూడా ఇలాగే దొరకబుచ్చుకునేదమ్మా" అని చెప్పులు విడిచి, నన్ను తొక్కకుండా జాగ్రత్తగా దాటి, లోపల కూర్చుని మంచినీళ్లు అడిగాడు.

ఒక మాట చెప్పనివ్వండి. ఆ నలభైలో నిజమైన గడపను నేనొక్కదాన్నే. తక్కినవి గ్రానైటు పట్టీలు. ఆయన నోట ఆ మాట వచ్చినప్పుడు నా చెక్కలోని ప్రతి పోగూ నిటారుగా నిలబడింది.

ఆమె మాటను ఆయన ట్రస్టు కమిటీ ముందు పెట్టాడట. కమిటీ పెద్దాయన నవ్వి, "గడపంటే కాపురమే, రాసియ్యండి" అన్నాడట. ఈ సంగతి మెట్ల మీద నుంచే కేకేసి చెప్పింది నూకరత్నమే.

కొత్త లీజు కాగితాల మీద సంతకం పెట్టడానికి వెళ్లిన వైదేహి ఎండ తగ్గాక తిరిగొచ్చింది. తాళం తీసింది. అలవాటైన ఆ ఒక్క క్షణం కోసం నేను సిద్ధంగా ఉన్నాను. ఆమె ఆగలేదు. చేతిసంచీ ఊపుకుంటూ నేరుగా లోపలికి నడిచింది. నిజం చెప్పొద్దూ, కాస్త చిన్నబుచ్చుకున్నాను.

వంటింట్లో ఏదో డబ్బా మూత ఊడిన చప్పుడు. కాసేపటికి మళ్లీ వచ్చింది. నడవాలో ఎవరూ లేరు. మోకాళ్లను తిట్టుకుంటూ నా ముందు చతికిలబడి, తడి పసుపులో మూడు వేళ్లు ముంచి, ఎడమ మూల నుంచి రాయడం మొదలుపెట్టింది.