తొమ్మిదో బొట్టు

బ్యాటరీ క్లిప్పులకు అంటుకుని ఎండిపోయిన పసుపును ఆదిశేషు స్క్రూడ్రైవరుతో గీకుతున్నాడు. గీకిన పొడిని ఊదడు. ఎప్పుడో ఊదితే కంట్లో పడింది. ఒకసారి చేదు తగిలిన చోటికి రెండోసారి పోడు. వస్తువైనా అంతే, మనిషైనా అంతే. అరవై ఏడేళ్లలో అతను గడప తొక్కడం మానేసిన ఇళ్లు మార్కాపురంలో పదిహేను దాకా ఉంటాయి.

ఈ ఇల్లు పదహారోది కావలసింది. పోయిన ఏడు తను ఓడిపోయిన చోటు కాబట్టి వచ్చాడు.

పలకల ఫ్యాక్టరీ వాళ్ల ఇల్లు అది. పెరట్లో రేకుల చావిడి, మూడు వైపులా గోడలు లేవు. దాని కింద ఎర్ర కారు. రెండే సీట్లు, గుడ్డ టాపు, ముందుకు సాగిన పొడుగాటి మూతి. బండి ఎంత కిందికి ఉంటుందంటే, అందులో కూర్చున్న మనిషికి పక్కన పోయే మేక కళ్లు సరిగ్గా ఎదురవుతాయి. ఇప్పటి ఇంటి పెద్ద ఇందిరమ్మ. ఆమె మామగారు వీరభద్రయ్య పలకలు అమ్మడానికి మద్రాసు పోయి, సీమకు తిరిగిపోతున్న తెల్లదొర దగ్గర దాన్ని కొన్నాడు. పందేల్లో తిరిగిన బండి అని దొర చెప్పాడట. ఇక్కడికి వచ్చాక అది పొదిలి దాకా ఒక్కసారి పోయింది. తిరుగు ప్రయాణంలో ఎద్దుల బండి లాక్కొచ్చింది.

అయినా కారు వచ్చిన ఏడే పలకల ఆర్డర్లు పెరిగాయి. అందుకని ఆ ఇంట్లో ఒక నియమం పడింది. ప్రతి ఆయుధపూజకూ కారు తన శక్తితో తాను కదిలి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కాలి. తోస్తే చెల్లదు. నాలుగడుగులు ముందుకు పోతే చాలు. వెనక్కు మాత్రం మనుషులు తోయవచ్చు, దానికి శాస్త్రం అడ్డు చెప్పదు.

ముప్పై ఒక్క ఏడు ఆదిశేషు ఆ కారును నాలుగేసి అడుగులు నడిపాడు. అన్నీ కలిపినా వీధి చివరి సోడా బంకు రాదు. పోయిన ఏడు ఆ నాలుగడుగులు కూడా నడపలేకపోయాడు. ముహూర్తం దాటిపోతుంటే ఫ్యాక్టరీ పనివాళ్లు తోశారు. నిమ్మకాయలు నలిగాయి. ఆ ఏడాదిలో రెండు కోత మిషన్లు మూలబడ్డాయి, లారీడు పలకలు వానకు తడిసి వెనక్కు వచ్చాయి, ఇందిరమ్మకు మోకాలు పట్టేసింది. మూడూ ఆదిశేషు నెత్తినే పడ్డాయి.

ఇందిరమ్మ ఆ మోకాలు చాపుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.

“ఏమంటది ఆదిశేషూ?”

“ఇంకా ఏమీ అనలేదమ్మా.”

“ముహూర్తం పదీ నలభైకి.”

“పోయినేడు గూడ గడియారం నీ చేతిలోనే ఉండె.”

ఆమె ఆ మాట వదిలేసింది. “ఈసారి కదలకపోతే మా భరతు దీన్ని పొదిలి రోడ్డు హోటలాయనకు ఇచ్చేస్తాడంట. హోటలు ముందర పెట్టుకుంటాడంట.”

“పెట్టుకోని.”

“ఇంజను పీకేసి, ఆ గుంటలో మన్ను పోసి, బంతిచెట్లు ఏస్తాడంట.”

స్క్రూడ్రైవరు ఆగింది. ఆదిశేషు ఇంజను ఉన్న చోట బంతిచెట్టును ఊహించుకున్నాడు. చెంబుతో దానికి నీళ్లు పోసే హోటలు పిల్లను ఊహించుకున్నాడు. మళ్లీ గీకడం మొదలుపెట్టాడు, ఈసారి ఇంకొంచెం గట్టిగా.

అతని సొంతూరు అర్ధవీడు. అక్కడ ఐదో తరగతి దాకా చదివాడు. ఆరుకు కంభం పోవాలి. ఇంట్లో మేకలున్నాయి. చదువు ఆగింది, మేకలు సాగాయి. తర్వాత మార్కాపురం వచ్చి పలకల ఫ్యాక్టరీలో మోటార్లు బాగు చేశాడు. ఆ తర్వాత బస్టాండు వెనక నాలుగు రేకులు వేసుకుని లారీల కరెంటు పని పెట్టుకున్నాడు. బోర్డు లేదు. పేరు తెలిసినవాడు వస్తాడు, తెలియనివాడు రానక్కర్లేదు.

ఈ కారు గుట్టు తెలిసింది అతనొక్కడికే. లోకంలో అన్ని బండ్లకూ మైనస్ బాడీకి తగిలిస్తే, దీనికి ప్లస్ బాడీకి తగిలించాలి. మొదటి ఏడు తెలియక అందరిలాగే తగిలించి వైర్లలోంచి పొగ తెప్పించాడు. ఆ రోజే ఒక పలక మీద తెల్ల పెయింటుతో రాసి చావిడి స్తంభానికి కట్టాడు: ‘ప్లస్సు బాడీకి. ఎవరూ ముట్టుకోవద్దు. ఆదిశేషు.’ ఎవరూ ముట్టుకోలేదు. ఇంటి కుక్క కూడా ఆ కారు కింద పడుకోదు.

షాపు నుంచి తెచ్చిన బ్యాటరీని ఎక్కించాడు. ఇందిరమ్మ కొడుకు భరత్ ఫోను పట్టుకుని పక్కకు వచ్చాడు.

“మామా, యూట్యూబులో ఒకాయన ముందు ఫ్యూజులు చూడమంటున్నాడు.”

“పోయినేడే చూసినానని చెప్పు ఆయనకు.”

తాళం తిప్పాడు. సీటు వెనక పెట్రోలు పంపు టక్, టక్, టక్ మని కొట్టుకుని, కార్బురేటరు నిండగానే ఆగింది. ట్యాంకు ఎప్పుడో చిల్లులు పడింది కాబట్టి లీటరు పెట్రోలు ఒక డబ్బాలో పోసి దానికి ట్యూబు కలుపుతారు. డబ్బా ఖాళీ అయితే ఆ పంపు ఆగకుండా కొట్టుకుంటుంది. ఆ చప్పుడు ఆదిశేషుకు అన్నంలో రాయి. రెండు దెబ్బలు వినపడేలోపల అతని చేయి తాళం మీదికి పోతుంది. ఇంట్లో అందరికీ అది తెలుసు.

ఇంకొకటి కూడా తెలుసు. ఇంజను పలికాక అతను సీట్లో కూర్చుని, ఒక వేలు ఎత్తి, కళ్లు మూసుకుని పది నిమిషాలు వింటాడు. అప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఒక ఏడు పురోహితుడు ఆ మధ్యలో గంట కొట్టాడు. ఆదిశేషు దిగి, చేతులు తుడుచుకుని, ఇంటికి పోయాడు. కారును వెనక్కు తోయించడానికి కూడా మనిషిని పంపి బతిమాలాల్సి వచ్చింది.

పంపు బాగుంది. బ్యాటరీ బాగుంది. ఇక నిప్పురవ్వకు కరెంటు అందించే కాయిలు. సంచిలోంచి టెస్ట్ బల్బు తీశాడు. లారీ ఇండికేటరు బల్బు, దానికి అరచేతి పొడుగు చెక్కపిడి, రెండు వైర్లు, రెండు క్లిప్పులు. పిడి మీద ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పెట్టిన బొట్లు పెచ్చు కట్టి ఉన్నాయి.

“అబ్బయా, హ్యాండిల్ తిప్పు. మెల్లగా. కొట్టొద్దు, తిప్పు.”

భరత్ ముందు వంగి హ్యాండిల్ తిప్పాడు. పాయింట్లు కలిసి విడిపోతుంటే బల్బు ఆరుతూ వెలుగుతూ ఉండాలి. బల్బు వెలిగింది. ఆరలేదు.

“ఇంకోసారి.”

ఆరలేదు. అంటే పాయింట్లు కలవడం లేదు. పోయిన ఏడు ముహూర్తం తొందరలో కాయిలు పోయిందనుకున్నాడు. ఏడాది పొడుగునా అదే అనుకున్నాడు, ఆ కాయిలు చేసినవాణ్ణి కూడా రోజూ తిట్టుకున్నాడు. పాయింట్లు ఉండే డిస్ట్రిబ్యూటరు మూత క్లిప్పులు రెండూ విప్పి, మూత ఎత్తి చూశాడు.

చాలాసేపు చూశాడు.

రెండు పాయింట్ల నడుమ, గోరంత సందులో, పసుపు. పసుపు మీద కుంకుమ. ఎండి రాయైపోయి ఉంది.

“లక్ష్మీప్రసన్నా, ఇటు రామ్మా.”

భరత్ భార్య పూజ పళ్లెంతో వచ్చింది.

“ఇదేంది?”

“బొట్టు మామా.”

“ఎవరు పెట్టింది?”

“నేనే, పోయినేడు. అన్నిటికీ పెట్టుకుంటా వచ్చినా. మూత తీసి ఉండె. లోపల చూస్తే చిన్న గర్భగుడి మాదిరి అనిపించింది. అక్కడ పెట్టకపోతే ఎట్ల అని...” ఆమె గొంతు తగ్గింది. “పెట్టకూడదా మామా?”

ఆదిశేషు మళ్లీ ఆ సందులోకి వంగాడు. అతను తిడతాడని భరత్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇందిరమ్మ మోకాలు ముడుచుకుంది.

అతనికి వేరే తిట్టు గుర్తొచ్చింది. ముప్పై రెండేళ్ల కిందటిది, ఇదే చావిట్లోది. మొదటి ఏడు బొట్లు పెట్టడానికి అతని వెంట భార్య పిచ్చమ్మ వచ్చింది. పెళ్లయి అప్పటికి నాలుగేళ్లు. ఆమె కూడా మూత తీసి ఉన్న ఆ గుండ్రటి చోట వేలు పెట్టబోయింది. అందరి ముందరా ఆమెను ఎంత మాట అన్నాడంటే, మూడు రోజులు ఇంట్లో కంచాలే మాట్లాడాయి. ఆ తర్వాత ప్రతి ఏడూ వచ్చింది. వేలికి పసుపు అద్దుకుని, ఆ చోటు దాటేటప్పుడు చేయి వెనక్కు పెట్టుకుని దాటేది. చీర కొంగు కూడా తగలనిచ్చేది కాదు. అతను పాయింట్లు తుడిచి, చేతులు కడుక్కుని వచ్చి, లోపల చూడకుండా మూత పెట్టేవాడు. చూడాల్సిన అవసరం ఏ ఏడూ రాలేదు.

ఆమె ఉత్తగా పళ్లెం పట్టుకుని నిలబడుతుందని అనుకునేవాడు. ఆ మాట ఆమెతో అన్నాడు కూడా, చాలాసార్లు. రెండేళ్ల కింద జ్వరం వచ్చి, మూడో రోజుకు పోయింది. చెప్పకుండా పోయిందని ఆమెను కూడా అతను క్షమించలేదు.

“అయితే పోయినేడు తప్పు నీది కాదన్నమాట ఆదిశేషూ,” అంది ఇందిరమ్మ. ఆ మాట అనడానికి ఆమెకు కష్టంగానే ఉంది.

“నాదే.”

“బొట్టు పెట్టింది మా కోడలు కదయ్యా.”

“మూత పెట్టింది నేను. చూడకుండ పెట్టినా.”

అతని దగ్గర క్షమాపణ దొరకని మనుషుల్లో అతను కూడా ఒకడు. ఆ సంగతి ఇందిరమ్మకు ఆ రోజే తెలిసింది.

బ్లేడుతో పసుపు గీకాడు. ఉప్పుకాగితం మడిచి పాయింట్లు రుద్దాడు, గుడ్డతో తుడిచాడు. మూత పెట్టేముందు వంగి చూశాడు. మళ్లీ వంగి చూశాడు. పెట్టాడు.

“పళ్లెం ఇటియ్యమ్మా.”

“నేను పెడతా మామా, ఎక్కడ పెట్టాలో చెప్పు.”

“చెప్తే రాదు.”

మసి వేలితోనే పసుపు అద్దాడు. స్టీరింగు మధ్యన ఒకటి. హెడ్‌లైట్లకు రెండు. మూతికి ఒకటి. చక్రాలకు నాలుగు. పిచ్చమ్మ పెట్టిన వరసలోనే తిరిగాడు. ఆమె బొట్లు అణా కాసుల్లా ఉండేవి. ఇతనివి వంకాయల్లా వచ్చాయి. ఎనిమిది పెట్టి ఆగాడు.

“తొమ్మిది పెట్టేది,” అన్నాడు తనలో తాను. “ఇంకోటి ఎక్కడ?”

హారనుకా? కాదు. అద్దానికా? అద్దం ఏనాడో ఊడిపోయింది. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పురోహితుడు గడియారం చూపించాడు. ఆదిశేషు చూడలేదు. ఎడమ చేతిలో టెస్ట్ బల్బు ఉంది. దాని పిడి మీద పెచ్చు బొటనవేలికి తగిలింది.

“ఇదా,” అన్నాడు. దాని మీద బొట్టు పెట్టిన ప్రతిసారీ ‘ఇది బండిలోది కాదే, పిచ్చిదానా’ అనేవాడు. ఆమె వినేది కాదు. బొట్టు పెట్టాడు. అది కూడా వంకరగానే వచ్చింది. బల్బును బ్యాటరీకి తగిలించి బానెట్ కింద వేలాడదీశాడు. వెలిగింది.

పదీ ముప్పై ఎనిమిది. సెల్ఫు పోయి పదేళ్లయింది కాబట్టి హ్యాండిల్ కొట్టాలి. భరత్ ముందుకు వచ్చాడు.

“నేను కొడతా మామా.”

“నువ్వు బొటనవేలు చుట్టి పట్టుకుంటావు. తిరగదన్నిందంటే ఆ వేలితో మళ్ల ఫోను నొక్కలేవు.”

మొదటి దెబ్బకు ఇంజను దగ్గింది. రెండో దెబ్బకు తుమ్మింది. ఆదిశేషు నిలబడి ఎడమ భుజం రుద్దుకున్నాడు, నుదురు తుడుచుకున్నాడు. చెమట ఎక్కువగానే పట్టింది. మూడో దెబ్బకు పలికింది. చావిడి రేకుల మీది పావురాలు ఒక్కసారి లేచాయి.

అతను సీట్లోకి దిగాడు. గేరు వేశాడు. నాలుగడుగులు. నాలుగు నిమ్మకాయలు ఒకదాని వెంట ఒకటి నలిగాయి. ఇందిరమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది, నాలుగో వేలు దగ్గర చేతులు జోడించింది. కారు చావిడి బయటికి మూతి పెట్టి ఆగింది, అతను గేరు తీశాడు. ఇంజను సన్నగా, ఒకే శ్రుతిలో ఆడుతోంది.

“బంతిచెట్లు ఏస్తాడంట,” అన్నాడు ఆదిశేషు. ఒక వేలు ఎత్తాడు. సీటుకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. పురోహితుడు గంట నాలుకను గుప్పిట్లో పట్టుకున్నాడు. దిష్టి తీయడానికి కర్పూరం వెలిగించిన గుమ్మడికాయను భరత్ రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. కర్పూరం ఆరిపోయింది. లక్ష్మీప్రసన్న చప్పుడు చేయకుండా వచ్చి ఇంకో బిళ్ల వెలిగించింది. అది కూడా ఆరిపోయింది. పది నిమిషాలైంది. గుమ్మడికాయ ఎనిమిది కేజీలది. భరత్ చేతులు వణుకుతున్నాయి. దించనా అని కళ్లతో అడిగాడు. వద్దని ఇందిరమ్మ తల ఊపింది. పదిహేను నిమిషాలైంది. ఇరవై.

ఆదిశేషు మొహంలో కోపం లేదు. అది చూసి కూడా ఎవరికీ అనుమానం రాలేదు. బండి బాగా పలుకుతోంది కాబోలు అనుకున్నారు.

డబ్బాలో పెట్రోలు అయిపోయింది. ఇంజను రెండుసార్లు గుటకలు మింగి ఆగింది. సీటు వెనక పంపు కొట్టుకోవడం మొదలుపెట్టింది. టక్ టక్ టక్ టక్. అందరూ అతని చేతి వంక చూశారు. ఆ చేయి తాళం మీదికి పోలేదు.

“ఆదిశేషూ,” అంది ఇందిరమ్మ మెల్లగా, “తాళం తిప్పు నాయనా.”

పంపు కొట్టుకుంటూనే ఉంది. భరత్ గుమ్మడికాయను కింద పెట్టి, వంగి, తాళం తనే తిప్పాడు. నిశ్శబ్దమైంది. ఆదిశేషు తిట్టలేదు. దాంతో అందరికీ తెలిసింది.

మధ్యాహ్నం బస్టాండు మెకానిక్కులు వచ్చి అతన్ని మోసుకుపోయారు. హోటలాయన ఫోను చేస్తే ఇచ్చేది లేదని చెప్పి భరత్ పెట్టేశాడు. గుమ్మడికాయ పగలకుండానే గోడ వారన ఉండిపోయింది. కారును వెనక్కు తోయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

సాయంత్రం లక్ష్మీప్రసన్న చావిడి ఊడ్చడానికి వచ్చి బానెట్ దగ్గర ఆగింది. భరత్‌ను పిలిచింది. అతను స్తంభానికి ఉన్న పలక చదివాడు, బ్యాటరీ మీది రెండు క్లిప్పులు చూశాడు, ఏది ముందు తీయాలో తెలియక చేతులు వెనక్కు పెట్టుకున్నాడు. బానెట్ కింద టెస్ట్ బల్బు వెలుగుతూ వేలాడుతోంది, చెక్కపిడి మీద వంకర బొట్టుతో.