ఐదు చుక్కల పేరు

యోగిత బెజవాడలో ఫ్లైఓవర్ స్తంభాల మీద స్ప్రే డబ్బాలతో అక్షరాలు రాయడం నేర్చింది. ఒకదాన్నొకటి పెనవేసుకుని, తెలిసినవాళ్ళు తప్ప చదవలేని అక్షరాలు. వేసవికి ఇంటికొస్తే తండ్రి కృష్ణకాంత్ చాట్రాయి రోడ్డు మీదున్న తమ మామిడికాయల షెడ్డు గోడ చూపించి, "నీకిష్టమొచ్చింది వేసుకో" అన్నాడు.

తోట చివర పాచిపట్టిన రాయి ఒకటుంది. దాని మీద వాలుగా జారే గీతలు. అవేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. యోగిత ఫోటో తీసి, ఆ వంపుల్నే గోడంత చేసి నీలం, నారింజ రంగుల్లో దించింది. మధ్యమధ్య కనబడే మచ్చల్ని పాచి అనుకుని వదిలేసింది. వారం తిరక్కుండానే దారిన పోయేవాళ్ళు బండ్లాపి అక్కడ సెల్ఫీలు దిగడం మొదలెట్టారు.

ఒకరోజు పొద్దున ఊరగాయ కాయల కోసం సుభాన్ మాస్టారు వచ్చారు. నూజివీడులో ఉర్దూ చెప్పి రిటైరైన మనిషి. గోడ చూస్తూనే సంచి కింద పెట్టి, చెప్పులు విప్పేశారు.

"ఏంటండీ మాస్టారూ?"

"ఇది ఎవరు రాశారమ్మా?"

"నేనేనండీ."

"చెయ్యి మంచిదే తల్లీ. ఇది ఫారసీ. సమాధి రాత. 'ఏడేళ్ళ నా కూతురు ఇక్కడ నిద్రపోతోంది, మెల్లగా నడవండి' అని ఉంది. ఈ లిపిలో చుక్కల్ని బట్టే అక్షరం మారుతుంది. నువ్వు చుక్కలు వెయ్యకపోయినా అంతవరకూ ఊహించి చదివాను. పేరు మాత్రం ఊహించకూడదు కదా!"

ఆ గోడ ముందు యోగిత కూడా డాన్సు చేసి వీడియో పెట్టింది.

"తుడిచేస్తానండీ," అంది.

"ముందు ఆ రాయి చూపించు."

రాయి అంచు ట్రాక్టరు తగిలి విరిగి ఉంది. యోగిత బకెట్టుతో నీళ్ళు తెచ్చి కొబ్బరిపీచుతో రుద్దింది. పాచి పోయేసరికి నాలుగు మూలలతో పలకలుగా చెక్కిన చుక్కలు తేలాయి. మాస్టారు పేరున్న చోట వేలితో తడుముతూ ఐదు లెక్కపెట్టారు.

"జైనబ్," అన్నారు.

"చుక్కలు గుండ్రంగా లేవేంటండీ?"

"వాలుగా కోసిన రెల్లు కలం మొన ఒక్కసారి ఆనిస్తే పడే అచ్చమ్మా అది. ఈ రాతలో ప్రతి అక్షరం ఎత్తూ, వంపూ దానితోనే కొలుస్తారు."

"మేమూ గోడల మీద రాసేది పేర్లేనండీ," అంది యోగిత నెమ్మదిగా. "ఎవరి పేరు వాళ్ళే. మేమున్నామని తెలియాలని."

"ఈ పిల్లకి వాళ్ళ నాన్న రాయించాడు," అన్నారాయన.

కృష్ణకాంత్ అంతా విని రాయి దగ్గరికి వచ్చి విరిగిన అంచు చూశాడు. "సమాధని తెలిస్తే ట్రాక్టరు అటు పోనిచ్చేవాణ్ణా?" అన్నాడు. మర్నాడే దారి రెండు సాళ్ళ అవతలికి మార్పించాడు.

గోడకి యోగితే సున్నం వేసింది. రెండు పూతలైనా నారింజ రంగు పైకి తేలుతుంటే మూడోది వేసింది. తర్వాత సన్న కుంచె పట్టుకుని రాయి దగ్గర కూర్చుంది. మాస్టారు పక్కనే బోర్లించిన మామిడికాయల ట్రే మీద కూర్చుని ఏ గీత ముందో, ఏది తర్వాతో చెబుతుంటే చెక్కిన గాడుల్లో నల్లరంగు నింపింది. పేరులోని ఐదు చుక్కలకే మధ్యాహ్నమంతా పట్టింది.

"గోడ మీది బొమ్మ ఏమైంది?" అని ఆ నెలంతా జనం అడుగుతూనే ఉన్నారు. యోగిత విషయం చెప్పి తోటలోకి దారి చూపించేది. ఒకరిద్దరు వెళ్ళి చూసొచ్చారు. మిగతావాళ్ళు బండ్లు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు.