డిష్షుకు దిష్టి

సుధాకర్ రెడ్డికి పదేండ్ల సంది ఒకటే బిరుదు: కాబోయే చైర్మన్. ఊర్ల ఏ ఫ్లెక్సీ కట్టినా ఆయన బొమ్మ కింద గట్లనే అచ్చేస్తరు. మార్కెట్ కమిటీ చైర్మన్ కావాల్నని ఆయన మొక్కని దేవుడు లేడు. జెండా మాత్రం ఒక్కటే మోసిండు. గదే ఆయన చేసిన తప్పు. ఆయనతోటి జెండా పట్టినోళ్లు మూడు పార్టీలు తిరిగొచ్చిండ్రు. పోంగ ఒక పదవి, రాంగ ఒక పదవి దొరికింది వాళ్లకు. ఈయనేమో గడప లెక్క ఉన్నకాడనే ఉన్నడు. అందరు దాటిపోయెటోళ్లే.

ఆయనకు ఇంకో రోగం గూడ ఉన్నది. కమీషన్ ముట్టడు. వడ్ల కాంటా కాడ తరుగు పేరు మీద బస్తకింత అని కోస్తరు సూడు, ఆ కోసిన దాంట్ల అందరికి వాటాలుంటయి. సుధాకర్ రెడ్డి ఆ దిక్కు సూడ గూడ సూడడు. ఆయన భార్య సువర్ణకు అదే పెద్ద నగ. మిర్యాలగూడల చుట్టాల పెండ్లికి పోయినా, దవాఖానకు పోయినా, "మా ఆయనకు పదవి లేకుంటే మాయె, చెయ్యి మాత్రం సాఫ్" అని ఎవరో ఒకరికి చెప్పంది ఇంటికి రాదు.

తండల ఉండే కిష్ట్యాకు గూడ ఆ చెయ్యి మీదనే ఆశ. రెక్కలు ముక్కలు చేసుకొని పండిచ్చిన వడ్లు ఏటేటా తరుగు కిందనే పోవట్టె. "అన్నా, నువ్వు చైర్మన్ అయితే మా తండ వడ్లకు తరుగు ఉండదు గదా?" అని కనపడ్డప్పుడల్ల అడుగుతడు. "నీ మీద ఒట్టు కిష్ట్యా, గింజ గూడ కోయనియ్య" అని ఈయన చెప్తడు. చెప్పినప్పుడల్ల ఇద్దరి కండ్లల్ల నీళ్లు తిరుగుతయి.

గసొంటిది ఈసారి పార్టీకి కొత్త బుద్ధి పుట్టింది. ఇంటర్వ్యూలు ఆన్‌లైన్లనట! ఎవరింట్ల వాళ్లు కూసోవాలెనట, పెద్దసారు హైదరాబాద్‌ల కూసొని వీడియోల అడుగుతడట. సుధాకర్ రెడ్డి గుండెల రాయి పడ్డది. పాలకీడు అవతల ఆయన ఊర్ల ఫోన్ కలవాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలె. ట్యాంకెక్కి ఇంటర్వ్యూ ఇస్తే, దుంకుతడేమోనని పోలీసులొస్తరు. పోటీల ఉన్న కోదాడాయనకేమో ఇంటి ముంగటనే ఫైబర్ లైను.

గప్పుడు దొరికింది శాటిలైట్ ఇంటర్నెట్. స్తంభం వద్దు, తీగ వద్దు, సీదా ఆకాశంకెల్లే నెట్ దిగుతదట. కంపెనీ కాగితం మీద "హై కెపాసిటీ" అని పెద్దక్షరాలతోటి ఉన్నది. ఆ మాట సూడంగనే సుధాకర్ రెడ్డి ఛాతి ఉబ్బింది.

"సూసినవా సువర్ణా, పదేండ్ల సంది మన కెపాసిటీ పార్టీ గుర్తుపట్టలే. కంపెనోడు గుర్తుపట్టిండు."

"కెపాసిటీ నీది కాదయ్యా, డబ్బాది" అన్నది సువర్ణ. ఆయన వినలే.

బిగిచ్చెతందుకు కోదాడ నుంచి కార్తీక్ అనే టెక్నీషియన్ వచ్చిండు. డిష్ అంటే గిన్నె లెక్క ఉంటదని ఊరు ఊరంతా సూడనీకె వస్తే, ఆయన అట్టపెట్టెల నుంచి తెల్లగ, సపాటంగ ఉన్న పలక తీసిండు. కిష్ట్యా నోరెల్లబెట్టిండు. "అన్నా, గింత ఖర్చు పెట్టి పీట కొన్నవా?"

కార్తీక్ దాన్ని డాబా మీద నిలబెట్టి, లోపల టీవీ పక్కన ఇంకో డబ్బా పెట్టి, చేతులు దులుపుకున్నడు. "ఒక్కటే మాటండీ. దీనికి పైన ఆకాశం ఖాళీగా ఉండాలి. చెట్టు గానీ, గోడ గానీ అడ్డం రాకూడదండీ. వస్తే సిగ్నల్ తెగి తెగి వస్తుంది."

ఇగ నెట్ వచ్చిందయ్యా, ఏం నెట్! నొక్కుడే ఆలస్యం. వారం దినాలు ఇంట్ల జాతరే. దామరచర్ల పవర్ ప్లాంట్ల పనిచేసెటోళ్లు గూడ బండ్లేసుకొని వచ్చి, డాబా ఎక్కి ఆ పీటను మొక్కినంత పని చేసిండ్రు. వచ్చినోడల్ల "అబ్బో!" అన్నడు. సుధాకర్ రెడ్డి ఆ "అబ్బో"లకు ముందుగాల మురిసిండు, తర్వాత దిష్టి బుగులు పట్టుకున్నది. భూమి పంచుకున్న పాలోడు, జన్మల మెచ్చుకోనోడు గూడ వచ్చి, పీటను కింది నుంచి మీదికి సూసి, "మంచిగున్నది" అన్నడు. అంతే. ఆ రాత్రి ఈయనకు నిద్ర పట్టలే.

తెల్లారి మిర్యాలగూడ పోయి సంతలకెల్ల పెద్ద బూడిద గుమ్మడికాయ తెచ్చిండు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మూడు ఇనుప పైపులు నిలబెట్టి, సరిగ్గ పీట నెత్తి మీద వేలాడగట్టిండు.

"పైన ఏం ఉండొద్దన్నడు గదయ్యా ఆ పిలగాడు?" అన్నది సువర్ణ.

"ఆయన అన్నది చెట్టు, గోడ. గుమ్మడికాయ అన్నడా?"

"గుమ్మడికాయ కడితే అడ్డం గాదా?"

"దిష్టికి అడ్డం. నెట్‌కెందుకు అడ్డమైతదే? అది ఎంత పైనుంచి వస్తదో ఎరుకేనా నీకు?"

ఆమె నెత్తి కొట్టుకొని కిందికి దిగింది.

ఇంటర్వ్యూ దినం రానే వచ్చింది. సుధాకర్ రెడ్డి కడక్ ఇస్త్రీ చొక్కా తొడిగి, ఎనుక గోడకు "కాబోయే చైర్మన్" ఫ్లెక్సీ కట్టి, ల్యాప్‌టాప్ ముంగట కూసున్నడు. పెద్దసారు మొకం తెర మీద కనపడ్డది, అంతల్నే బిగుసుకపోయింది, మళ్ల కదిలింది. ఈయనకు పరేషాన్. అయినా గొంతు సవరిచ్చుకొని, పదేండ్ల సంది అద్దం ముంగట చెప్పుకున్న మాటలు చెప్పిండు.

"పార్టీ మారే ఆలోచన నాకు లేదు సార్. పార్టీకి సేవ చెయ్యాలన్న కోరిక మాత్రం ఎప్పటిసంది ఉన్నది."

కమీషన్ సంగతి అడిగిండ్రు. "కమీషన్ తీసుకునుడు నాకు పడదు సార్. రైతుల నడుమ కూసొని మాట్లాడుడు అంటే పాణం."

తెర నల్లగైంది. ఇగ రాలే. సుధాకర్ రెడ్డి ఆ పూట అన్నం ముట్టలే. "ఖతం సువర్ణా. నా మాట సగం గూడ పోలే" అని కుర్చీల ఒరిగిండు. సువర్ణ కంచం తెచ్చి ముంగట పెట్టింది. "పోనీ తియ్యి. చెయ్యి సాఫ్ ఉన్నది, గది సాలు" అన్నది.

నాలుగొద్దులకు గుమ్మడికాయ కుళ్లి, తొడిమ ఊడి, డాబా మీద దబ్బున పడ్డది. జల్ది కుళ్లిందంటే దిష్టి అంత గట్టిగ తగిలినట్టేనని సుధాకర్ రెడ్డి తల ఊపిండు. సువర్ణ చీపురు పట్టుకొని పైకి పోయి కడిగొచ్చేసరికి, కింద టీవీల బొమ్మ తెగకుండ అద్దం లెక్క ఆడుతున్నది. మొగడు పెండ్లాం ఒకరి మొకం ఒకరు సూసుకున్నరు.

మర్నాడు పొద్దుగాల కిష్ట్యా సూర్యాపేట పార్టీ ఆఫీసు నుంచి ఉరికొచ్చిండు. "అన్నా! చైర్మన్‌వు నువ్వే! ఇయ్యాల సారే నీకు వీడియోల ఫోన్ చేస్తడట!"

సుధాకర్ రెడ్డి కిష్ట్యాను కావలిచ్చుకొని ఏడ్సినంత పని చేసిండు. అటెంక అడిగిండు, "నా మాటలు వినపడలే గద, ఎట్లిచ్చిండ్రు?"

కిష్ట్యా నసిగిండు. "ఆ దినం ఆఫీసుల పెద్ద తెర మీద మేమంతా సూసినమన్నా, నీకు చెప్పనీకె నోరు రాలే. నడుమ నడుమ తెగింది. 'పార్టీ మారే ఆలోచన నాకు' అన్నవు, మళ్ల 'ఎప్పటిసంది ఉన్నది' అన్నవు. ఇంకోటి, 'కమీషన్ తీసుకునుడు' అన్నవు, 'అంటే పాణం' అన్నవు. అటు హైదరాబాద్‌ల పెద్దసారు బల్ల గుద్దిండు. పోయెటోడికి పదవి ఇచ్చి ఆపాలె, పోనోడికి ఎందుకియ్యాలె అన్నడు. తింటనని మొకం మీదనే చెప్పిన మొగోడు ఈయన ఒక్కడే, పొత్తుకు పనికొస్తడు అన్నడు."

సువర్ణ పకపక నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతోటి కండ్లు తుడుసుకున్నది. "పదేండ్లు నువ్వు చెప్తే వినలే. గుమ్మడికాయ చెప్తే ఒక్కపూటల విన్నరు గదయ్యా!"

ఆమె లోపల చాయ్ పెట్టి పోస్తుండంగ ల్యాప్‌టాప్ మోగింది. పెద్దసారు! గడ్డం మీది పుట్టుమచ్చ గూడ కనపడుతున్నది, అంత సాఫ్‌గ ఉన్నది బొమ్మ.

"సుధాకర్, కంగ్రాట్స్. ఇగ తరుగు సంగతి మాట్లాడుకుందాం. నీ అసొంటి ఖుల్లా మనిషే కావాలె మాకు. కమీషన్ల నీ వాటా ఎంతో చెప్పు."

సుధాకర్ రెడ్డి లేచి నిలబడ్డడు. దర్వాజ కాడ కిష్ట్యా రుమాలు రెండు చేతుల పట్టుకొని నిలబడ్డడు. సువర్ణ రెండు చాయ్ గ్లాసులు పట్టుకొని వచ్చి ఆగింది.

"సార్, కమీషన్ నాకు…"

వద్దు. అనాల్సింది గదొక్కటే మాట. నోట్ల ఉన్నది, పెదవుల దాక వచ్చింది. ఈయన కండ్లు గోడ మీది ఫ్లెక్సీ దిక్కు పోయినయి. "కాబోయే" అన్న అక్షరాల మీద ఇందాక వచ్చుడుతోనే కిష్ట్యా సంబురంగ తెల్ల కాగితం అంటిచ్చిండు.

"హలో? సుధాకర్? నెట్ పోయిందా?"

పోలే. నెట్ నిండుగ ఉన్నది.

"సార్… వాయిస్ కట్ అయితున్నది సార్. తర్వాత మాట్లాడుత" అని సుధాకర్ రెడ్డి ల్యాప్‌టాప్ మూసిండు.

కిష్ట్యా చిన్నగ అడిగిండు. "అన్నా, మా వడ్లకు తరుగు ఉండదు గదా?"

సుధాకర్ రెడ్డి కప్పు దిక్కు సూసిండు. "పైన మళ్ల ఏదో అడ్డమొచ్చినట్టున్నది" అన్నడు.

"పైన ఏం అడ్డం లేదు. నిన్న నేనే కడిగొచ్చిన" అన్నది సువర్ణ. ఒక గ్లాసు కిష్ట్యా చేతికిచ్చి, రెండోది పట్టుకొని లోపలికి పోయింది.