ఏసుమణి టోకెను

టింగ్‌మని మోగితే చాలు, మా మావయ్య కుర్చీలోంచి లేస్తారు. మోగింది లాప్‌టాప్ అని తెలుసు. తెలిసీ లేస్తారు. కళ్ళజోడు సవరించుకుని, తెర మీదకి వొంగి, కూడబలుక్కుంటూ చదువుతారు. "ఏసుమణి గారూ, మీ చెకప్ సమయం అయింది." చదివి మళ్ళీ వచ్చి కూర్చుంటారు. ఏసుమణంటే మా అత్తయ్య. పోయి ఏడాది దాటిపోయింది.

ఎన్నిసార్లు చెప్పేను, "లేవకండి మావయ్యా, అది మిషను, మనిషి కాదు" అని! వింటేనా? పంచదార మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌గా జీవితమంతా నిలబడ్డ మనిషి. ఎవరు పిలిచినా లేచి చూడాల్సిందే. నాకేమో స్కూల్లో పిల్లలతో అరిచి అరిచి, చోడవరం బజారంతా ఎండలో నడిచి ఇంటికొచ్చేసరికి ఒంట్లో సత్తువ ఉండదు. గ్లాసుడు టీ తాగి మళ్ళీ అదే లాప్‌టాప్ ముందు కూర్చోవాలి. గాజువాకలో స్థిరపడ్డ మా వాళ్ళ పిల్లలకి ఆన్‌లైన్లో లెక్కల ట్యూషను చెప్తన్నాను. మధ్యలో ఈ టింగులు. ఒకటి కేన్సర్ ఆస్పత్రి, ఒకటి విగ్గులమ్మేవాడు, ఒకటి రోగుల మంచాలు అద్దెకిచ్చేవాడు. ప్రాణం విసిగిపోయిందంటే నమ్మండి.

ఇంతమందినీ లోపలికి రానిచ్చింది ఎవరనుకున్నారు? మేమే. అత్తయ్యకి జబ్బని తెలిసేక మా ఇంటి తలుపు మూసింది లేదు. మా చర్చి సంఘంలో అంతే. రోగి మంచం దగ్గరకి ప్రార్థన చెయ్యడానికి వచ్చినోళ్ళని కాదనకూడదు. వడ్డాది నుంచి వచ్చేరు, రోలుగుంట నుంచి వచ్చేరు, మొహమైనా తెలీనోళ్ళు వచ్చి తల మీద చెయ్యేసి ప్రార్థన చేసి వెళ్ళేరు. లాప్‌టాప్‌లోనూ అదే వరస నడిచింది. ఏ ఆస్పత్రి సైటు తెరిచినా మూలన ఓ చిన్న పెట్టె లేచి, మీకు కబుర్లు పంపొచ్చా అని అడిగేది. "సరే అను గ్లోరీ, పాపం అడుగుతన్నారు కదా. స్వస్థత ఏ గుమ్మంలోంచి వస్తాదో మనకేటి తెలుసు" అనేది అత్తయ్య. సరేనని నేను నొక్కేదాన్ని, ఆవిడా నొక్కేది, మావయ్యా నొక్కేవారు. పేరడిగితే పేరిచ్చేం. జబ్బేటని అడిగితే జబ్బు చెప్పేం. స్వస్థత ఏ గుమ్మంలోంచీ రాలేదు, వచ్చినోళ్ళు మాత్రం వెళ్ళలేదు.

పోనీ ఈ లాప్‌టాప్ మూల పడేసి ఇంకోటి కొనుక్కుందామా అంటే, అత్తయ్య గొంతు ఇందులోనే ఉంది. చర్చికి వెళ్ళే ఓపిక పోయేక ఆవిడ పొద్దున్నపూట తన ప్రార్థన తనే రికార్డు చేసుకునేది. దానికో సైటు ఉంది. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే కింద వరసగా చేరుతాయి. ఇప్పుడు మావయ్య కాఫీ అయినా తాగకుండా అది తెరిచి వింటారు. "ప్రభువా, మా నోవహుకి మోకాళ్ళ నొప్పులు తగ్గించు తండ్రీ" అంటాది ఆవిడ. నోవహంటే మావయ్యే. "ఆమేన్" అంటారు ఈయన. ఆవిడ బతికున్నప్పుడూ అంతే, ప్రార్థన ఆవిడది, ఆమేన్ ఈయనది. మావయ్య పైకి నోరు తెరిచి ప్రార్థన చెయ్యగా నేను ఒక్కనాడూ వినలేదు.

మొన్న ట్యూషన్లో భిన్నాలు చెప్తన్నాను. నా తెర పిల్లలందరికీ కనపడతన్నాది. టింగ్. "ఏసుమణి గారూ, నాలుగో దశలోనూ ఆశ ఉంది." దాని పక్కన నవ్వుతున్న డాక్టరు బొమ్మ. ట్యూషన్లో సత్యశ్రీ అని ఓ గుంట ఉంది, మంచి పిల్లే, చదివేసింది. "టీచర్, ఏసుమణి గారికి ఒంట్లో బాగోలేదా? మా అమ్మని ప్రార్థన చెయ్యమని చెప్పనా?" అని అడిగేసింది. నా వెనక కుర్చీలో మావయ్య. ఆయన మెల్లిగా లేచి లోపలికి వెళ్ళి పడుకున్నారు. అన్నానికి పిలిస్తే "ఆకలి లేదమ్మా" అన్నారు. ఆ పూటకి నేనూ తినలేదు.

ఒళ్ళు మండిపోయింది నాకు. మా ఆయన జాబేజ్‌కి ఫోన్ చేసేను. ఆయనకి విశాఖలో పని, ఆదివారాలకి తప్ప ఇంటికి రాడు. "దానికింత గొడవేటి? బ్రౌజర్లో ఉన్నదంతా క్లియర్ కొట్టీ. ఒక్క నొక్కుడు, అన్నీ పోతాయి" అన్నాడు. ఆమాత్రం దానికి ఇన్నాళ్ళు ఏడ్చేనా అని కూర్చున్నాను. నొక్కబోయేముందు ఎందుకో మనసొప్పలేదు. బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ఉమామహేష్‌కి ఫోన్ చేసేను.

"అక్కా, ఆగాగు" అన్నాడు. "ఆ ప్రార్థనల సైటోళ్ళు మీ రికార్డింగులు వాళ్ళ దగ్గర దాచరు. అయన్నీ మీ బ్రౌజర్లోనే ఉంటాయి. మొత్తం క్లియర్ కొట్టేవంటే పెద్దమ్మ గొంతు కూడా పోతాది. మరి రాదు."

ఒక్క నొక్కుడంట! ఫోన్లోనే జాబేజ్‌ని నాలుగు దులిపేసేను. పాపం ఆయనకి మాత్రం ఏం తెలుసు.

ఆ గొంతు వేరేచోట దాచుకోవచ్చు కదా అంటారేమో. ఆ ప్రయత్నమూ అయింది. బయటకి తీసుకునే వీలు ఆ సైట్లో లేదన్నాడు ఉమామహేష్. స్పీకరు పక్కన నా ఫోను పెట్టి రికార్డు చేసేను. మావయ్య చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "ఇది దాని గొంతు కాదమ్మా, నూతిలోంచి మాటాడినట్టుంది" అని ఫోను నా చేతిలో పెట్టేసేరు. ఇంక మిగిలింది ఒకటే దారి. రానిచ్చినోళ్ళని ఒక్కొక్కర్నే పంపాలి. ఆ ప్రార్థనల సైటు మీద మాత్రం చెయ్యి పడకూడదు.

రెండో శనివారం స్కూలు లేదు. పొద్దున్నే సెట్టింగులు తెరిచేను. ఏ సైటుకి ఏ అనుమతి ఇచ్చేమో అన్నీ ఒకచోట ఉన్నాయి. ఓర్నాయనో, ఎన్ని పేర్లో! చూస్తేనే నీరసం వచ్చింది.

"ఏటమ్మా అవి?" అన్నారు మావయ్య వెనకనుంచి.

"మనం లోపలికి రమ్మన్నోళ్ళు మావయ్యా. ఇయ్యాల అందర్నీ పంపించేద్దామని."

ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నారు. నడుం నిటారుగా పెట్టి కూర్చున్నారు. మిల్లు గేటు దగ్గర ఎలా కూర్చునేవారో నాకు తెలీదు గానీ, ఇలాగే అయ్యుంటాది. "సదువు" అన్నారు. "ఎవుడు, ఎవుల కోసం వచ్చేడు, రెండూ సెప్పు."

"ఆస్పత్రి మావయ్యా. అత్తయ్య కోసం."

"ఆ మనిషి లేదు. పంపీ."

నేను తీసేసేను. ఇంకోటి చదివేను. అత్తయ్య కోసమే. ఆ మనిషి లేదు, పంపీ. మందుల షాపు. ఆ మనిషి లేదు, పంపీ. మొదట్లో ఆ మాట అన్నప్పుడల్లా ఆయన గొంతు కొంచెం ఆగేది. పోనుపోనూ ఆగడం మానేసింది. నాకు అదే ఎక్కువ బాధేసింది.

"విగ్గులోడు" అన్నాను.

"నీ దుంపతెగ! దానికి జుట్టు ఊడకముందే వచ్చేడు ఈడు. ముందు ఈణ్ణి పంపీ."

నవ్వొచ్చింది. ఆయనా నవ్వేరు. తర్వాత వాతావరణం సైటు వచ్చింది. "ఇది మీ కోసమే మావయ్యా, వానొస్తాదా లేదా అని చూసుకునేవారు."

"నాకు మోకాళ్ళు సెప్తాయి. పంపీ."

మన ఇల్లెక్కడుందో చూసుకునే అనుమతి ఒక్క అంబులెన్సు సైటుకే ఉంది. అది చదివి నేను ఆగిపోయేను. అత్తయ్య పోయిన రోజు మా ఇంటి గుర్తు తెలిసుండి కూడా వాళ్ళు కె.కోటపాడు రోడ్డు మీద తిరుగుతూ ఉండిపోయేరు. ఇక్కడ వాకిట్లో మేం రోడ్డు మీదకి చూస్తూ నిలబడిపోయేం. మావయ్య తెర వైపు చూడకుండా చేత్తో పంపీమన్నట్టు సైగ చేసేరు.

అన్నీ అయ్యేసరికి నా మెడ పట్టేసింది. ఆఖర్ని మైకు మిగిలింది. అందులో ఒక్కటే పేరు, ప్రార్థనల సైటు.

"మావయ్యా, ఇది తీసేసినా అత్తయ్య గొంతుకి ఏమీ కాదు. వినడానికి మైకు అక్కర్లేదు. ఇది మాట్లాడ్డానికి ఇచ్చిన అనుమతి." కొంచెం ఆగి అడిగేను. "ఎవరి కోసం అంటే... అత్తయ్య కోసమే. తీసేమంటారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత మెల్లిగా మొదలెట్టేరు.

"మిల్లు గేటు కాడ హాజరు బోర్డు ఉండీదమ్మా. మనిషికో మేకు, మేకుకో ఇత్తడి టోకెను. ఎవుడైనా పోయేడనుకో, తెల్లారి మొదటి షిఫ్టు రాకముందే ఆడి టోకెను తీసీయాల. లేపోతే తోటోళ్ళు అది సూసి ఏడుస్తారు కదా. ఆ పని నాదే. నాతో కూసుని టీ తాగినోళ్ళయి కూడా తీసేను. ఎవుడిదీ ఒక్క పూటైనా ఉంచలేదు."

నా వేలు ఆ బొమ్మ మీదే ఉంది. ఆయన దాని వైపే చూస్తన్నారు.

"ఇయ్యాలకి ఉండనీ" అన్నారు.

నేను లాప్‌టాప్ మూసేసేను. ఆ మనిషిని ఇంకేటి అడగను?

మర్నాడు ఆదివారం. తెల్లారి ఇంట్లో ఒక్క టింగూ లేదు. జాబేజ్ రాత్రి బస్సుకొచ్చి ఇంకా పడుకునే ఉన్నాడు. చర్చికి టైమవుతాదని నేను వంటింట్లో చట్నీకి పోపు పెడతన్నాను. అవతల గదిలో అత్తయ్య ప్రార్థన నడుస్తన్నాది. మా నోవహు మోకాళ్ళు, మా జాబేజ్ ప్రయాణాలు, మా గ్లోరీకి ఓపిక. ఆవిడ గొంతు ఆగింది. మావయ్య ఆమేన్ అన్నారు. రోజూ అయితే అక్కడితో లేచి కాఫీ అడుగుతారు.

అడగలేదు. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వినపడింది. ఇంత పొద్దున్నే ఎవరొచ్చేరా అని స్టవ్వు కట్టేసి గుమ్మం దగ్గరకెళ్ళేను. ఎవరూ లేరు. తెర మీద మైకు బొమ్మ ఎర్రగా వెలుగుతన్నాది. మావయ్య దాని మీదకి వొంగి, చెవిటోళ్ళకి చెప్పినట్టు గట్టిగా చెప్తన్నారు.

"ఏసుమణీ, నేనేనే. ఆస్పత్రోళ్ళు, మందులోళ్ళు, ఆ విగ్గులోడు, అందర్నీ పంపించీసేను. గేటు మూసీసేను. నిన్నింక ఎవులూ జబ్బు మనిషని పిలవరు. పడుకో."

అని ఊరుకున్నారు. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. ఆయన దాని వైపే చూస్తూ కూర్చున్నారు, అవతలి నుంచి ఓ మాట రావాలన్నట్టు. ఎప్పుడూ ఆమేన్ అనే మనిషి కదా, ఈసారి అనేవాళ్ళు లేరు.

గుమ్మంలో నిలబడి నేనే అన్నాను.